పైథాన్ భాషలో ఒక మార్పు అడిగితే ఏం జరుగుతుంది: నా అనుభవం

పైథాన్‌తో తెలుగు పాఠ్యాన్ని శుభ్రం చేసే పని పెట్టుకున్నవాళ్లకు ఈ తలనొప్పి కొత్తేమీ కాదు. విరామ చిహ్నాలు తీసేయడానికి ట్యుటోరియల్స్ అన్నీ ఒకటే రెగెక్స్ (పాఠ్యంలో వెతకడానికి రాసుకునే నమూనా) చెబుతాయి: బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, అంటే పదాక్షరాల గుర్తు, కిందకు రానిదీ, ఖాళీ కానిదీ ఏది కనబడినా తీసెయ్. దాన్ని ‘తెలుగు భాష’ మీద నడిపితే ‘తలగ భష’ వస్తుంది. కామాలతో పాటు గుడులూ కొమ్ములూ దీర్ఘాలూ అన్నీ ఎగిరిపోతాయి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఫలితాలు ఎందుకో తేడాగా ఉన్నాయని ఎప్పుడో తవ్వితే బయటపడుతుంది.

దీన్ని భాషలోనే సరిచేయించవచ్చా అని 2025 జనవరిలో మొదలుపెట్టి ప్రతిపాదన, చర్చ, ఇష్యూ (సమస్యను నమోదు చేయడం), పుల్ రిక్వెస్ట్ (మన మార్పును కలుపుకోమని అడగడం) అన్నీ దాటాను. ఏ దశలో ఏం అడుగుతారో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో ముందే తెలిస్తే ఇంకొకరికి సగం శ్రమ తగ్గుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పైన చెప్పిన పదాక్షరాల గుర్తును ఇక్కణ్ణించి స్లాష్-డబ్ల్యూ అంటాను.

చర్చకు వెళ్లే ముందు సమస్యను చేతిలో పట్టేంత చిన్నది చేసుకోవాలి. ‘తెలుగు సరిగా పనిచేయడం లేదు’ అని రాస్తే ఎవరూ రెండోసారి చదవరు. నేను సిద్ధం చేసుకున్నవి ఎవరైనా తమ మెషీన్‌లో అర నిమిషంలో నడిపి చూసుకోగల ఉదాహరణలు మాత్రమే. ‘తెలుగు’ అనే స్ట్రింగ్‌ని ఈజ్‌ఆల్ఫా అడిగితే ఫాల్స్. అదే స్ట్రింగ్‌ని ఈజ్‌ఐడెంటిఫయర్ అడిగితే ట్రూ. అంటే వేరియబుల్‌కి ‘తెలుగు’ అని పేరు పెట్టుకోవచ్చు గానీ, అందులో ఉన్నవన్నీ అక్షరాలే అంటే మాత్రం పైథాన్ ఒప్పుకోదు. పేర్లు తనిఖీ చేసే ఫారమ్‌లో ఈజ్‌ఆల్ఫా వాడితే సరళ, కమల, వనజ పాసవుతారు. సీత, రాధ, వసంత ఫెయిలవుతారు.

కారణం, అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ ప్రమాణం వర్గీకరణలో ఉంది. త, ల, గ లాంటివి ‘లెటర్’ వర్గం. గుడి, కొమ్ము, ఎత్వం, పొల్లు, సున్న ఇవన్నీ ‘మార్క్’ వర్గం. ఈజ్‌ఆల్ఫా లెటర్లనే లెక్కలోకి తీసుకుంటుంది. అక్షరాలతో పాటు అంకెలనూ ఒప్పుకునే ఈజ్‌ఆల్‌నమ్ దాని మీద ఆధారపడింది. స్లాష్-డబ్ల్యూ అంటే ఈజ్‌ఆల్‌నమ్‌కి అండర్‌స్కోర్ కలిపినది, అంతే. ఐడెంటిఫయర్ల నియమం మాత్రం వేరే పట్టిక నుంచి వస్తుంది. అందులో మార్కులకు చోటుంది.

అన్నిటికంటే గట్టిగా పనిచేసిన ఉదాహరణ పద హద్దుది, అంటే స్లాష్-బి. ‘తెలుగు భాష’ అన్న వాక్యంలో ‘తెలుగు’కు రెండు వైపులా స్లాష్-బి పెట్టి వెతికితే ఏమీ దొరకదు. చివరి కొమ్ము పదాక్షరం కాదు, తర్వాతి ఖాళీ కూడా కాదు, కాబట్టి రెంటి మధ్యా హద్దే ఉండదు. ఇంతకంటే ఘోరం, ‘రామ’ కోసం అలాగే వెతికితే ‘రాముడు’లో దొరుకుతుంది: మ తర్వాత కొమ్ము రాగానే పదం అయిపోయిందనుకుంటుంది. ఉన్నది దొరకదు, లేనిది దొరుకుతుంది. తెలుగు రాని వాళ్లకు కూడా ఈ రెండు లైన్లు వెంటనే అర్థమయ్యాయి.

తర్వాతి పని పాత ఇష్యూలు వెతకడం. పైథాన్ బగ్ ట్రాకర్ 2022 ఏప్రిల్‌లో గిట్‌హబ్‌కు మారింది, పాతవన్నీ కొత్త నంబర్లతో అక్కడే ఉన్నాయి. ఈ సమస్యను దేవనాగరి ఉదాహరణతో 2007లోనే ఎవరో రాశారు. 2011లో పెర్ల్ ప్రపంచంలో పేరున్న టామ్ క్రిస్టియన్సన్, రెగెక్స్‌ల గురించిన యూనికోడ్ ప్రమాణం 18వ నివేదికను చూపిస్తూ మళ్లీ లేవనెత్తాడు. ఆ నివేదిక ప్రకారం స్లాష్-డబ్ల్యూలో మార్కులు ఉండాల్సిందే. చదువుతుంటే ఒకవైపు ధైర్యం (మన పిచ్చి కాదన్నమాట), ఇంకోవైపు నీరసం (ఇన్నేళ్లుగా ఇలాగే ఉందంటే ఊరికే ఉండదు). ఆ పాత సంభాషణలు మొత్తం చదవకుండా కొత్తది తెరవకండి. మొదటి జవాబే ఆ లింకు అవుతుంది, మీ ఉత్సాహం అక్కడే ఆగిపోతుంది.

జనవరి ఆఖరులో ప్రతిపాదనను కోర్ డెవలపర్లు (పైథాన్‌లో మార్పులు కలిపే అధికారం ఉన్నవాళ్లు) చర్చించే చోట ‘ఐడియాస్’ విభాగంలో పెట్టాను. చిన్న సంగతులు కొన్ని. అక్కడ ‘రెస్పెక్టెడ్ సర్’లు ఉండవు, దశాబ్దాల అనుభవం ఉన్నవాళ్లను కూడా పేరు పెట్టే పిలుస్తారు, మనం కూడా అలాగే పిలవాలి. జవాబులు మన సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా వస్తాయి, ఎందుకంటే యూరప్ వాళ్లు ముందు, అమెరికా వాళ్లు తర్వాత లేస్తారు. వెంటవెంటనే బదులివ్వాలని నిద్ర మానుకోవడం దండగ. పొద్దున లేచి అన్నిటికీ కలిపి ఒకే జవాబు రాస్తే ఎక్కువ గౌరవం దక్కుతుంది. ఇంగ్లీషు అంత బాగా రాదని ఏఐ చేత రాయించి అతికించకండి. అలాంటివి రోజూ చూసి విసిగిపోయి ఉన్నారు. వంకర ఇంగ్లీషులో ఉన్నా సొంత మాటలకే జవాబు వస్తుంది.

మొదటి రెండు మూడు రోజులు వేడిగా సాగింది, తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని తిరస్కారం అనుకోనక్కర్లేదు, ఒప్పుకోలు అనుకోవడానికీ లేదు. ఎవరి పని వాళ్లకుంటుంది. కానీ ఆ కొద్ది రోజుల్లో వచ్చిన అభ్యంతరాలు గట్టివి, అసలు నేర్చుకున్నది అక్కడే.

మొదటిది భద్రత. స్లాష్-డబ్ల్యూ మాత్రమే అనుమతించి యూజర్‌నేమ్‌లు తనిఖీ చేసే సైట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. అందులోకి మార్కులను రానిస్తే, ఒకే అక్షరం నెత్తిన పదుల గుర్తులు పేర్చి స్క్రీన్ పాడుచేసే పేర్లు రేపటి నుంచి చెల్లుతాయి. తెలుగు కోసం అడిగిన మార్పు ఇంగ్లీషు సైటులో రంధ్రం అవుతుందని నాకు ముందు తట్టలేదు. నిజాయితీగా చెప్పాలంటే దీనికి పూర్తి జవాబు ఇప్పటికీ లేదు.

రెండోది అనుకూలత. పెప్ 387 అనే విధాన పత్రం ప్రకారం పాత ప్రోగ్రాముల ప్రవర్తన మారేటట్టుంటే కనీసం రెండు విడుదలల పాటు హెచ్చరిక ఇవ్వాలి. మరి ఇక్కడ హెచ్చరిక ఎక్కడ వేస్తారు? స్లాష్-డబ్ల్యూ ఉన్న ప్రతి ప్యాటర్న్‌కూ వేస్తే ప్రపంచమంతా హెచ్చరికలే. రెగెక్స్ మాడ్యూల్‌లో ఇంతకంటే చిన్న మార్పులకే ఏళ్లు పట్టాయి. ప్యాటర్న్ మధ్యలో గ్లోబల్ ఫ్లాగులు (ప్యాటర్న్ మొత్తానికీ వర్తించే సెట్టింగులు) రాయడాన్ని 3.6లో, అంటే 2016 చివర్లో వద్దన్నారు; ఎర్రర్‌గా మార్చింది 2022 అక్టోబరులో వచ్చిన 3.11లో. ఖాళీ మ్యాచ్‌ల దగ్గర స్ప్లిట్ చేయడం గురించి 3.5లో హెచ్చరించి, 3.7లో మార్చారు.

మూడోది, నాకు నచ్చిన ప్రశ్న: సరే మారుద్దాం, ఏ నిర్వచనానికి? ఐడెంటిఫయర్ల పట్టిక తీసుకుంటే మార్కులు వస్తాయి గానీ, ఇప్పుడు చెల్లుతున్న అర, పావు లాంటి భిన్నాంకాలు పోతాయి. అందుకని పాతదాన్నీ కొత్తదాన్నీ కలపాలి. యూనికోడ్ 18వ నివేదిక తీసుకుంటే జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా పదాక్షరమే. మన ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత కంటికి కనబడకుండా ఉండేది అదే. ఇతర భాషలేం చేశాయని ఎలాగూ అడుగుతారు, సిద్ధంగా ఉండండి: రస్ట్ రెగెక్స్ క్రేటు ఆ నివేదికనే పాటిస్తుంది. జావా 7 నుంచి ఒక ఫ్లాగు పెడితే పాటిస్తుంది. గో, జావాస్క్రిప్ట్‌లలో స్లాష్-డబ్ల్యూ ఇప్పటికీ ఆస్కీ, అంటే ఇంగ్లీషు, అక్షరాలకే పరిమితం. ఈ చివరి వాక్యాన్ని దాచిపెట్టకుండా నేనే చెప్పడం మేలు చేసింది. మనకు అనుకూలమైన ఉదాహరణలే ఏరి చూపిస్తే అక్కడ ఇట్టే పట్టేస్తారు.

‘పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు దొరికే చోటు) రెగెక్స్ అనే ప్యాకేజీ ఉంది కదా, దాన్ని వాడండి’ అనేది నాలుగో మాట. నిజమే, అది గుణింతాలను పదంలో భాగంగానే చూస్తుంది. కానీ స్లాష్-డబ్ల్యూని ఎవరు వాడుతున్నారన్నది మన చేతిలో ఉండదు. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో పదాలు లెక్కపెట్టే కౌంట్‌వెక్టరైజర్ డిఫాల్ట్ ప్యాటర్న్ కనీసం రెండు పదాక్షరాలు వరసగా ఉండాలంటుంది. ‘తెలుగు’, ‘భాష’ దానికి అసలు కనిపించవు. ‘అమ్మ’ను ‘అమ’గా తీసుకుంటుంది. కోడ్‌ను ముక్కలుగా విడగొట్టే పైథాన్ సొంత టోకనైజ్ మాడ్యూల్ కూడా పేర్లను స్లాష్-డబ్ల్యూతోనే వెతికేది. దాంతో చెల్లుబాటయ్యే తెలుగు వేరియబుల్ పేరును 3.11 దాకా ముక్కలు చేసి మధ్యమధ్యలో ఎర్రర్ టోకెన్లు ఇచ్చేది. 3.12లో సి టోకనైజర్‌కు మారాక ఆ బాధ పోయింది. భాష తన ప్రామాణిక లైబ్రరీలోనే తన నియమంతో దెబ్బతిన్నదని చూపించాక చర్చలో స్వరం కొంచెం మారింది.

ఫిబ్రవరిలో సోర్స్ దించుకుని లోకల్‌గా మార్చి చూశాను. మాటల కంటే నడిచే ప్యాచ్ విలువ ఎక్కువ. ఖర్చంటే డబ్బు కాదు, డేటా: పూర్తి క్లోన్ వందల ఎంబీలు లాగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్లు గిట్ క్లోన్‌కు బ్లాబ్-నన్ ఫిల్టర్ పెట్టుకుంటే పాత ఫైళ్ల భారం తప్పుతుంది. లినక్స్‌లో కాన్ఫిగర్‌కు విత్-పైడీబగ్ అని ఇచ్చి మేక్ నడిపితే మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా కొన్ని నిమిషాల్లో బిల్డ్ అవుతుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ డెవ్ ప్యాకేజీలు లేకపోతే చివర్లో కొన్ని మాడ్యూళ్లు కట్టలేదని జాబితా చూపిస్తుంది. రెగెక్స్ పనికి వాటి అవసరం లేదు, కంగారు పడొద్దు. అయ్యాక అదే ఫోల్డర్‌లోని పైథాన్‌ను నడపాలి, సిస్టమ్‌ది కాదు. మ్యాక్‌లో దానికి చివర ఈఎక్స్ఈ తగిలిస్తారు. అక్కడే ఉన్న ‘పైథాన్’ అనే ఫోల్డర్ పేరుతో గొడవ పడకుండా ఉండటానికి.

మార్చాల్సింది మాడ్యూల్స్ ఫోల్డర్‌లో రెగెక్స్ ఇంజిన్ సి ఫైల్లో ఉన్న ఒక మాక్రో. ‘ఆల్‌నమ్ లేదా అండర్‌స్కోర్’ అన్నచోట ఐడెంటిఫయర్ కొనసాగింపు పరీక్షను కూడా చేర్చాలి. ఆ పరీక్షకు కావలసిన బిట్ యూనికోడ్ పట్టికలో ముందే ఉంది, కొత్త పట్టిక తయారుచేయనక్కర్లేదు. బిల్డ్ చేసి నడిపితే ‘తెలుగు’ మొదటిసారి ఒకే పదంగా వచ్చింది. ఒక్క లైనుతో! ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ‘సాఫ్ట్‌వేర్’ ఇంకా రెండు ముక్కలే. టెక్స్ట్‌ర్యాప్ మాడ్యూల్ కూడా హైఫన్ల దగ్గర పదం విరవడానికి స్లాష్-డబ్ల్యూని వాడుతుంది కాబట్టి భారతీయ లిపుల పాఠ్యంలో దాని ప్రవర్తన కూడా మారుతుంది. లైను ఒక్కటే, దాని నీడ పెద్దది. ఇదే విషయం ఇష్యూలో ప్యాచ్‌తో సహా రాశాను.

ఇష్యూ తెరిచాక కొన్ని వారాలు చడీచప్పుడూ లేదు. మార్చిలో వచ్చిన సలహా సారాంశం ఇది: ప్రవర్తన మార్పు ఇప్పట్లో తేలేది కాదు, ఈలోగా ఈ పరిమితి డాక్యుమెంటేషన్‌లో చెబితే బాగుంటుంది. మొదట చిన్నబుచ్చినట్టే అనిపించింది. తర్వాత ఆలోచిస్తే సబబే. ఈజ్‌ఆల్ఫా పేజీలో, యూనికోడ్ ‘ఆల్ఫబెటిక్’ లక్షణానికీ దీనికీ తేడా ఉందని ఒక వాక్యం ఉంది. రెగెక్స్ పేజీలో మాత్రం ‘ఈజ్‌ఆల్‌నమ్ ఎలా చెబితే అలా’ అని ఊరుకున్నారు. దాన్నుంచి భారతీయ లిపులకు ఏమవుతుందో ఊహించుకోవాలంటే మూడు పేజీలు తిరగాలి.

ఒక వాక్యం చేర్చడానికి ఎంత తతంగమో చూడండి. పుల్ రిక్వెస్ట్ శీర్షిక జీహెచ్, హైఫన్, ఇష్యూ నంబరు, కోలన్‌తో మొదలవ్వాలి. లేకపోతే తనిఖీ ఎర్రగా మారుతుంది. సీఎల్‌ఏ అనే ఒప్పందం (మనం రాసింది వాడుకోవడానికి అనుమతి) మీద సంతకం అడుగుతారు. గిట్‌హబ్ ఖాతాతో లాగిన్ అయి నొక్కితే చాలు, కాగితాలేమీ లేవు. కానీ దాన్ని తనిఖీ చేసే బాట్ (తనంతట తాను నడిచే ప్రోగ్రాము) చూసేది కమిట్‌లో, అంటే భద్రపరిచిన మార్పులో, ఉన్న ఈమెయిల్‌ను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు ఈమెయిల్ పెట్టి ఉంటే దాని పేరుమీద సంతకం అడుగుతుంది, అప్పుడు కంపెనీ అనుమతి గొడవ మొదలవుతుంది. ముందే గిట్ కాన్ఫిగ్ చూసుకోండి. డాక్యుమెంటేషన్ ఫైలు మాత్రమే మారితే బాట్ తనంతట తాను ‘డాక్స్’, ‘స్కిప్ న్యూస్’, ‘అవెయిటింగ్ రివ్యూ’ లేబుళ్లు తగిలిస్తుంది. కోడ్ మారితే మాత్రం బ్లర్బ్ అనే పనిముట్టుతో వార్తాంశం రాయాలి. మార్పు ఎలా కనబడుతుందో చూపించే ప్రివ్యూ పేజీ లింకు కూడా దానంతటదే వస్తుంది. అయినా పంపేముందు డాక్ ఫోల్డర్‌లో మేక్ చెక్ నడపండి, లైను చివరి ఖాళీలు, కోట్ గుర్తుల తప్పులు అక్కడే దొరుకుతాయి.

రివ్యూలో గొడవంతా మాటల మీదే నడిచింది. పైథాన్ డాక్యుమెంటేషన్ శైలి ప్రకారం ‘జాగ్రత్త, ఇది పనిచేయదు’ అని రాయకూడదు. ఏం చేస్తుందో, ఎలా వాడుకోవాలో చెప్పాలి. హెచ్చరిక పెట్టెలు తగ్గించాలి. అందుకని వార్నింగ్ పెట్టె పోయి మామూలు వాక్యం అయింది: మార్క్ వర్గపు అక్షరాలు ఇందులో చేరవు, కావాలంటే క్యారెక్టర్ క్లాసులో వాటిని విడిగా చేర్చుకోండి. ఉదాహరణ తెలుగులో ఉండాలా దేవనాగరిలోనా అన్నదాని మీద కూడా కొంత నడిచింది; చివరికి ఏ లిపీ లేకుండా ‘భారతీయ లిపుల అచ్చు గుర్తులు’ అని సర్దుకున్నాం.

ఇక్కడ రెండు సంగతులు తెలిసి ఉండాలి. సవరణలు పంపేటప్పుడు ఫోర్స్ పుష్ (పాత కమిట్‌లను చెరిపేసి కొత్తవి ఎక్కించడం) చేయొద్దు. చివరికి అన్ని కమిట్‌లనూ ఒకటిగా నొక్కి కలుపుతారు కాబట్టి చరిత్ర అందంగా ఉండాల్సిన పని లేదు; ఫోర్స్ పుష్ చేస్తే రివ్యూ చేసినవాళ్లకు ఏం మారిందో కనబడదు. రెండు, కోర్ డెవలపర్ మార్పులు అడిగాక మీరు సరిచేసి ఊరుకుంటే సరిపోదు. ‘ఐ హావ్ మేడ్ ద రిక్వెస్టెడ్ ఛేంజెస్; ప్లీజ్ రివ్యూ అగైన్’ అని కామెంట్‌లో అచ్చంగా ఆ మాటలే రాయాలి. అది చదివే బాట్ లేబుల్ మారుస్తుంది. మర్యాదగా వేరే మాటల్లో ఎంత చెప్పినా దానికి అర్థం కాదు.

మే నెల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పైథాన్ ఏటా అక్టోబరులో కొత్త విడుదల ఇస్తుంది, మేలో మొదటి బీటాతో కొత్త ఫీచర్లకు తలుపు మూసేస్తుంది. 3.14కు ఆ రోజు 2025 మే 7. దానికి ముందు కొన్ని వారాలు అందరూ పెద్ద పెద్ద మార్పులు లోపలికి తోసే హడావిడిలో ఉంటారు, చిన్న డాక్ ప్యాచ్ వైపు చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఆ వెంటనే అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పైథాన్ వాళ్ల వార్షిక సమావేశం పైకాన్ జరిగింది. చివరి రోజుల స్ప్రింట్లలో కోర్ డెవలపర్లు ఒకచోట కూర్చుని పాత పుల్ రిక్వెస్టులు తిరగేస్తారు; నా దాని మీద అసలైన వ్యాఖ్యలు వచ్చింది ఆ రోజుల్లోనే. ఫీచర్ అడగాలనుకుంటే అక్టోబరు, నవంబరుల్లో మొదలుపెట్టండి. నేను ఎంచుకున్న జనవరి ఆఖరు ఆలస్యమే. డాక్ సవరణలకు ఈ గడువు లేదు, అవి పాత విడుదలల శాఖల్లోకి కూడా వెళ్తాయి. లేబుల్ పెడితే ఆ కాపీ పని బాట్ చేసేస్తుంది.

నెల రోజులు కదలిక లేకపోతే ‘స్టేల్’ లేబుల్ పడుతుంది. దాన్ని చూసి గుండె జారిపోనక్కర్లేదు, మూసేయడం కాదది. మర్యాదగా ఒక్క వాక్యంతో గుర్తు చేస్తే చాలు. వారానికోసారి గుర్తుచేసేవాళ్లను మాత్రం తప్పించుకు తిరుగుతారు. 2025 అక్టోబరు 7న 3.14 వచ్చింది, స్లాష్-డబ్ల్యూ ఎప్పటిలాగే ఉంది. నా వాక్యం ఇంకా వరసలో ఉంది.

ఈలోగా పని ఆగకూడదు కదా. తెలుగు మాత్రమే కావాలంటే యూనికోడ్ తెలుగు బ్లాకు మొత్తాన్నీ, అంటే 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, జీరో విడ్త్ నాన్ జాయినర్‌తో కలిపి క్యారెక్టర్ క్లాసుగా రాసుకోండి. ఆ బ్లాకులో తెలుగు అంకెలు కూడా ఉంటాయి, వద్దనుకుంటే తీసేయాలి. (అంకెల విషయంలో పైథాన్ బంగారం: ‘౧౨’ను ఇంట్‌కు ఇస్తే 12 అని చెబుతుంది.) అనేక లిపులు కలిసిన పాఠ్యమైతే పైపీఐ రెగెక్స్ ప్యాకేజీయే మేలు. పద హద్దులకు స్లాష్-బి బదులు, ముందూ వెనకా ఆ క్లాసులోని అక్షరం ఉండకూడదని లుక్-ఎరౌండ్‌తో రాసుకోవాలి. సైకిట్-లెర్న్‌లో టోకెన్ ప్యాటర్న్ మార్చకుండా తెలుగు మీద నడపొద్దు.

అసలు మార్పు సంగతికొస్తే, చర్చలో మిగిలింది రెండు దారులు. ఒకటి జావా తరహాలో కొత్త ఫ్లాగు. పాత ప్రోగ్రాములు చెడవు కాబట్టి అభ్యంతరాలు తక్కువ. పెప్ రాయమంటే కోర్ డెవలపర్ ఒకరు స్పాన్సర్‌గా నిలబడాలి, బయటివాళ్లు ఒంటరిగా వేయలేరు. ఇంకొకటి డిఫాల్ట్ మార్చడం. దానికి ముందు ‘ఎన్ని ప్రోగ్రాములు చెడతాయి’ అన్నదానికి లెక్క కావాలన్నారు. అది చేయగలిగిన పనే: ఎక్కువగా డౌన్‌లోడ్ అయ్యే కొన్ని వేల పైపీఐ ప్యాకేజీలు దించి, స్లాష్-డబ్ల్యూ ఉన్న ప్యాటర్న్‌లు ఏరి, వాటిలో ఏవి తనిఖీకి వాడుతున్నారో, ఏవి పదాలు విడదీయడానికో వేరు చేయాలి. ఏరడం స్క్రిప్టుతో అయిపోతుంది, వేరు చేయడానికే మనుషులు కావాలి. 3.15కి ఫీచర్ల తలుపు మూసుకునే గడువు 2026 మే.